కొడుకు కొనిచ్చిన మోవర్ 25 నిమిషాలకే ఆగిపోతోంది

ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. వయసు 61, ఈమధ్యే రిటైరయ్యారు. ఇంటి చుట్టూ ముప్పావు ఎకరం గడ్డి ఉంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక కూడా తోసుకుంటూ కోసే మెషీన్‌తో ఆయన పడుతున్న అవస్థ చూడలేక కొడుకు ఒక రైడింగ్ మోవర్, అంటే కూర్చుని నడిపే గడ్డి కోత బండి, కొనిచ్చాడు. కొని 14 నెలలైంది. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో లెక్కపెట్టే అవర్ మీటర్ 41 గంటలు చూపిస్తోంది. వారంటీ రెండేళ్ళు.

మొదటి సీజన్ హాయిగా గడిచింది. నాలుగు నెలలు షెడ్డులో ఉంచి మళ్ళీ బయటికి తీస్తే స్టార్ట్ కాలేదు. షాపువాళ్ళు తీసుకెళ్ళి, పెట్రోల్ పాతబడి కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) పూడుకుపోయిందనీ, అది వారంటీలోకి రాదనీ చెప్పి బిల్లు వేశారు. బండి ఇంటికొచ్చాక ఇంకో జబ్బు మొదలైంది. పాతిక నిమిషాలు చక్కగా కోస్తుంది, తర్వాత దగ్గుతున్నట్టు రెండు మూడుసార్లు ఎగిరిపడి ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్ళీ మామూలే. రెండోసారి పంపితే షాపులో వారం ఉంచుకుని ‘లోపమేమీ కనబడలేదు’ అని తిప్పి పంపారు. ఈలోగా బ్లేడ్లను తిప్పే బెల్ట్ రెండుసార్లు జారిపోయింది. ఈయన బయట కొలత చూసి అంతే పొడవున్న బెల్ట్ కొని వేసుకున్నారు. మూడోసారి ఫోన్ చేస్తే, ‘బయటి పార్టు వేశారు కాబట్టి వారంటీ పోయినట్టే’ అన్నారట.

సీటు కింద స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తే బండి ఇక ఆగదని పక్కింటాయన సలహా. ఎవరికో ఒకరికి అమ్మేసి మనిషిని పెట్టి కోయించుకుందామని శ్రీమతి గారి మాట. కొడుక్కి మాత్రం ఈయన ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు. ‘ఫోన్ చేసినప్పుడల్లా బండి ఎలా ఉంది నాన్నా అంటాడు. బ్రహ్మాండంగా ఉందిరా అంటున్నాను. ముచ్చటపడి కొనిచ్చాడు, డబ్బు తగలేశానని వాడికి అనిపించకూడదు. ఏం చెయ్యమంటారు?’ అని అడుగుతున్నారు.

అయ్యా,

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం మూడో పేజీ అంచున ఇరికించి రాసినది. ‘ఒకసారి ఆగిపోగానే పెట్రోల్ అయిపోయిందేమోనని మూత తీసి చూశాను, బోలెడుంది. మూత బిగించి తాళం తిప్పితే వెంటనే అందుకుంది, ఆరోజు అరగంట ఆగాల్సిన పని లేకపోయింది.’ దాని కిందే ఇంకొకటి రాశారు: ‘ట్యాంక్ నిండా పోసిన రోజే ఎక్కువగా ఆగుతోంది, నా అదృష్టం అలా ఉంది.’ ఇందులో అదృష్టం ప్రమేయమేమీ లేదు. ఈ రెండు ముక్కలూ మీరు షాపులో చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. ‘మధ్యలో ఆగిపోతోంది’ అని మాత్రమే చెప్పి ఉంటారు.

ట్యాంకులోంచి పెట్రోల్ ఇంజిన్‌కి పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. చాలా బండ్లలో ఆ గాలి మూతలో ఉండే సన్నని రంధ్రంలోంచే వస్తుంది. దుమ్మో, గడ్డి పొట్టో చేరి అది మూసుకుపోతే లోపల గాలి పీడనం తగ్గిపోయి, పెట్రోల్ రావడం సన్నగిల్లుతుంది. మూత పెట్టిన సీసాని నోటితో పీలిస్తే కాసేపటికి ఏమీ రాదు చూడండి, అదే సంగతి. ట్యాంక్ నిండుగా ఉంటే పైన ఉన్న గాలి తక్కువ కాబట్టి ఈ బిగింపు ఇంకా తొందరగా వస్తుంది. మూత తీస్తే ఒక్కసారిగా గాలి చొరబడి బండి బాగవుతుంది. తియ్యకపోయినా అరగంటలో ఏదో ఒక సందులోంచి కొద్దికొద్దిగా గాలి లోపలికి చేరుతుంది. మీరు రాసిన లక్షణాలన్నీ దీనికి సరిపోతున్నాయి.

అయితే ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని ఇదేనని ముద్ర వెయ్యలేను. సరిగ్గా ఇలాగే వేషం వేసే ఇంకో దొంగ ఉంది, ఇగ్నిషన్ కాయిల్. చల్లగా ఉన్నంతసేపూ పనిచేసి, వేడెక్కాక స్పార్క్ ఇవ్వడం మానేస్తుంది, చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేస్తుంది. రెండిటికీ తేడా ఎక్కువగా ఆగే తీరులో ఉంటుంది. కాయిల్ పోతే సాధారణంగా తాళం తిప్పి ఆపినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోల్ అందకపోతే మీరు రాసినట్టు దగ్గి, ఎగిరిపడి, నీరసించి ఆగుతుంది. అలా నీరసిస్తున్నప్పుడు, గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే చోక్ లాగితే ఒక్క క్షణం ఊపిరి పోసుకుంటే అది పెట్రోల్ గొడవేనని ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చు. మూత కాకపోతే ఫ్యూయల్ ఫిల్టరో, పంపో, శుభ్రం చేశామన్న కార్బురేటరే సరిగ్గా శుభ్రం కాకపోవడమో అయి ఉండొచ్చు. మీరు చెప్పిన దగ్గు కాయిల్‌కన్నా మూతవైపే వేలు చూపిస్తోంది.

ఒక జాగ్రత్త. వేడి ఇంజిన్ పక్కన పెట్రోల్ మూత తియ్యకూడదని మాన్యువల్ చెబుతుంది. మీరు ఆరోజు తీశారు, ఏమీ కాలేదు, సంతోషం. పరీక్ష పేరుతో మళ్ళీ మళ్ళీ తియ్యకండి. అది మెకానిక్‌కి వదిలెయ్యండి. మీరు చేయవలసింది కోసిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాసుకోవడం: తేదీ, ట్యాంక్ ఎంతవరకు ఉంది, ఎన్నో నిమిషంలో ఆగింది, ఎలా ఆగింది. మూడుసార్లు కోసేసరికి అర పేజీ తయారవుతుంది. వారంటీ తగాదాలో ఆ అర పేజీ మీ గొంతుకన్నా గట్టిగా మాట్లాడుతుంది.

‘లోపం కనబడలేదు’ అని షాపువాళ్ళు అన్నదాంట్లో అబద్ధం ఉండకపోవచ్చు. డాక్టర్ గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గినట్టు, బండి అక్కడ పది నిమిషాలు నడిచి ఉంటుంది. రవ్వంత పెట్రోల్‌తో, బ్లేడ్లు తిప్పకుండా షెడ్డు ముందు అటూ ఇటూ తిప్పితే ఈ జబ్బు బయటపడదు. ఈసారి జాబ్ కార్డు, అంటే రిపేరుకి ఇచ్చేటప్పుడు షాపువాళ్ళు రాసుకునే కాగితం, మీద మీ మాటల్లోనే రాయించండి: ‘నిండు ట్యాంకుతో, బ్లేడ్లు తిప్పుతూ, 40 నిమిషాలు ఆపకుండా నడిపి చూడాలి. ఆగితే మూత వదులు చేసి చూడాలి, స్పార్క్ చూడాలి.’ మెకానిక్‌కి పని నేర్పుతున్నట్టు ఉంటుందని మొహమాటపడకండి. ఏం వెతకాలో తెలిస్తే వాళ్ళకీ సుఖమే. కుదిరితే ఆగిపోతున్న క్షణాన్ని ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. కాకపోతే నడుస్తున్న బండి మీద కూర్చుని మీరే తియ్యొద్దు, పక్కన దూరంగా నిలబడి ఎవరైనా తియ్యాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మొదటి బిల్లు విషయంలో షాపువాళ్ళదే న్యాయం. పెట్రోల్ నెల దాటితే పాడవడం మొదలవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే తేమ పీల్చుకుంటుంది కూడా. అది నాలుగు నెలలు కార్బురేటర్‌లో కూర్చుంటే జిగురు కట్టి సన్నని దారులు మూసుకుపోతాయి. తయారీలో వచ్చిన లోపానికే వారంటీ, నిల్వ పెట్టడంలో జరిగిన పొరపాటుకి కాదు. ఆ డబ్బు గురించి ఇక వాదించకండి, వాదిస్తే న్యాయమైన వాదన కూడా దానితో కలిసి పలచనవుతుంది. వచ్చే విరామానికి ముందు పెట్రోల్ పాతబడకుండా కాపాడే ఫ్యూయల్ స్టెబిలైజర్ మందు ట్యాంకులో కలిపి పది నిమిషాలు నడపండి, లేదా మాన్యువల్ చెప్పినట్టు ట్యాంక్ ఖాళీ చేసి పెట్టండి. ఇథనాల్ పదో వంతు మించిన పెట్రోల్ ఇలాంటి చిన్న ఇంజిన్లలో చాలావాటికి పనికిరాదని కూడా గుర్తుంచుకోండి.

ఇంకొకటి. నాలుగు పేజీల్లో ఎక్కడా ‘ఆయిల్’ అన్న మాట లేదు. అది నాకు కొంచెం కంగారుగా ఉంది. చాలా ఇంజిన్లకి మొదటి 5 నుంచి 8 గంటల్లోపు ఒకసారి, తర్వాత 50 గంటలకో ఏడాదికో, ఏది ముందైతే దానికి, ఆయిల్ మార్చాలంటారు. గంటలు 41 అయినా ఏడాది దాటిపోయింది కాబట్టి మీ గడువు అయిపోయినట్టే. మార్చి ఉంటే ఆ ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదులు వెతికి తీయండి. మార్చకపోతే ఈ వారమే మార్చి, మీటర్ మీద ఎన్ని గంటలున్నాయో రాసి పెట్టండి. పాత తేదీ వెయ్యాలన్న ఆలోచన మాత్రం రానివ్వొద్దు. బండి మధ్యలో ఆగడానికీ ఆయిల్ మార్చకపోవడానికీ బహుశా సంబంధం లేదు, కానీ వారంటీ వద్దనడానికి ఎదుటివాళ్ళు మొదట అడిగేది ఇదే.

బెల్ట్ సంగతి వేరే కథ, దాన్ని ఇంజిన్ కథతో కలిపింది షాపువాళ్ళు. మీరు విడదీయండి. బెల్ట్ అరిగిపోయే వస్తువు, బ్లేడ్ల లాగే. చాలా కంపెనీలు దానికి వారంటీ ఇవ్వవు, ఇచ్చినా కొద్ది రోజులకే. కానీ మంచి బెల్ట్ ఊరికే రెండుసార్లు జారదు. దాన్ని బిగువుగా పట్టే పుల్లీ బ్రాకెట్ వంగిందా, పక్కకి జారకుండా ఆపే కడ్డీ సరైన చోట ఉందా, పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయా అని చూడాలి. కొత్తగా ఉన్నప్పుడే అవి వంకరగా ఉంటే తయారీ లోపం. చెట్టు మొద్దుకో రాయికో డెక్ (బ్లేడ్లని కప్పి ఉంచే కింది భాగం) తగిలి వంగితే మీ ఖాతా. ఏదైనా తగిలిందా అని మీరే ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇక బయట కొన్న బెల్ట్ విషయంలో మీరు పొరపడ్డారు. పొడవు ఒక్కటే సరిపోతే చాలదు, వెడల్పూ, కోణం, లోపల అల్లిన దారం కూడా సరిపోవాలి. ఇంటి యంత్రాలకి వాడే మామూలు బెల్టులు ఆ జారే, పట్టే క్లచ్ పనికి ఎక్కువ రోజులు ఆగవు. దాన్ని తీసేసి పార్టు నంబరు చూసి అసలుది వేయించండి. పాతవి రెండూ పారెయ్యకండి. ఒక అంచే అరిగి ఉంటే వరస తప్పిన పుల్లీకి అదే సాక్ష్యం.

అయితే ఆ బెల్ట్ వల్ల ఇంజిన్ పాతిక నిమిషాలకి ఎలా ఆగుతుందో షాపువాళ్ళు చెప్పగలగాలి. చెప్పలేరు. బయటి పార్టు ఏది పాడుచేస్తే దానికి వారంటీ లేదనడంలో అర్థముంది, ఒక బెల్ట్ కోసం బండి మొత్తానికి వారంటీ పోయిందనడంలో లేదు. మీ వారంటీ కాగితంలో ఈ వాక్యం ఎలా రాశారో ఒకసారి చదవండి. తర్వాత ఫోన్ వద్దు, ఉత్తరమో మెయిలో రాయండి: ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో దయచేసి రాతపూర్వకంగా తెలపండి, అంతే. కౌంటర్ దగ్గర నోటికొచ్చినట్టు అనేసినవాళ్ళు కాగితం మీద పెట్టమనేసరికి చాలాసార్లు వెనక్కి తగ్గుతారు. ఇంజిన్‌కి ఒక ఫిర్యాదు, బెల్ట్‌కి ఒక ఫిర్యాదు, రెండు జాబ్ కార్డులు. వారంటీ ఇంకా పది నెలలుంది కాబట్టి తొందరేమీ లేదనుకోకండి. తేదీ వేసిన ఫిర్యాదు గడువులోపల నమోదై ఉంటే తర్వాత ఆలస్యమైనా మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

మీరు గమనించారో లేదో, మీ దగ్గర ఉన్న వారంటీలు బహుశా రెండు. బండి తయారుచేసే కంపెనీలు చాలామటుకు ఇంజిన్ సొంతంగా చెయ్యవు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోహ్లర్, కవాసాకి లాంటి ఇంజిన్ కంపెనీల దగ్గర కొని బిగిస్తాయి. అలాంటప్పుడు ఇంజిన్‌కి వేరే పుస్తకం, వేరే నంబరు, వేరే సర్వీస్ సెంటర్లు ఉంటాయి. ఇంజిన్ మీద పలక చూస్తే తెలుస్తుంది. కాయిల్, కార్బురేటర్ ఇంజిన్ వాళ్ళవి, ట్యాంక్, దాని మూత ఎక్కువగా బండి వాళ్ళవి. ఇందులో ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. ఈ షాపు కుదరదంటే ఇంజిన్ కంపెనీ అధీకృత సెంటర్‌కి నేరుగా వెళ్ళొచ్చు, అది సుఖం. వీళ్ళు వాళ్ళని, వాళ్ళు వీళ్ళని చూపిస్తూ, తాంబూలాలిచ్చేశాం తన్నుకు చావండి అన్నట్టు మిమ్మల్ని తిప్పడం కష్టం. నా పాత బండి బ్యాటరీ కోసం నేనలా రెండు నెలలు తిరిగాను, చివరికి తేలింది బ్యాటరీకి మూడో వారంటీ ఉందని. అది అప్పటికే అయిపోయింది.

కాబట్టి మీ ముందున్న దారులు ఇవీ. అదే షాపుకి, ఈసారి మీ అర పేజీతో, రాసిన జాబ్ కార్డుతో పంపడం. ఖర్చు తక్కువ, కానీ గడ్డి బాగా పెరిగే సీజన్‌లో వారాల తరబడి వరసలో ఉండాలి. తీసుకెళ్ళి తెచ్చే ఖర్చు చాలా వారంటీల్లో మనదే, ముందే అడగండి. ఇంకో అధీకృత సెంటర్‌కి మార్చడం రెండోది. కొత్త కళ్ళతో చూస్తారు, కానీ పాత చరిత్ర వాళ్ళకి తెలియదు, ఆ కాగితాలన్నీ మీరే మోసుకెళ్ళాలి. మూడోది, తెలిసిన మెకానిక్‌తో బయట చేయించుకోవడం. రెండు రోజుల్లో పనవుతుంది. ఇంజిన్ విప్పిస్తే మాత్రం తర్వాత వారంటీ అడిగే హక్కు బలహీనపడుతుంది. వీటన్నిటికన్నా ముందు నేనైతే అసలు కంపెనీ మూత ఒకటి మార్పించి చూస్తాను. వారంటీలో ఇస్తే సరే, ఇవ్వకపోతే కొంటాను. బండి మొత్తంలో చవకైన భాగాల్లో అదొకటి, ఏమీ విప్పనక్కర్లేదు. చాలా దేశాల్లో వినియోగదారుల ఫిర్యాదులు వినే సంస్థ మెట్లు ఎక్కే దారి కూడా ఉంటుంది. ఒకే లోపానికి ఎన్నిసార్లు బాగుచేసినా తగ్గలేదని కాగితాలు చూపించగలిగినప్పుడు దానికి బలం. ఇప్పటికి మీ దగ్గర ఆ లోపం మీద ఉన్నది ఒకే ఒక్క ‘కనబడలేదు’.

పక్కింటాయన సలహా మటుకు వినకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. సీటు కింద స్విచ్, మీరు కిందపడినా దిగినా బ్లేడ్లు ఆగడానికి పెట్టింది. వైర్లు కలిపేస్తే మనిషి లేకుండా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. సెలవులకి మనవలొస్తారని మీరే రాశారు. పైగా మీ జబ్బుకి అది మందు కూడా కాదు. స్విచ్ తప్పయితే గుంటలో కుదుపుకి టక్కున ఆగాలి, పాతిక నిమిషాలు లెక్కపెట్టుకుని దగ్గుతూ ఆగదు. ఆ తర్వాత ఏ సర్వీస్ సెంటర్ ఆ వైర్లు చూసినా నిజంగానే వారంటీ లేదంటుంది, అప్పుడు వాళ్ళని తప్పుపట్టలేం.

మీ అబ్బాయి దగ్గరికి వద్దాం. ఇది మనసు విషయమని మీరనుకుంటున్నారు, నాకు ముందు కాగితం విషయంగా కనిపిస్తోంది. బిల్లు అతని పేరు మీద ఉంది, అతని మెయిల్‌లో ఉంది. వారంటీ మొదట కొన్నవాళ్ళకే అని చాలా కంపెనీలు రాస్తాయి. కానుకగా ఇచ్చినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరుతో ఉందో తేలాలి. అంటే అతనికి చెప్పకుండా మీరు ఈ గొడవలో ఒక్క అడుగు కూడా గట్టిగా వెయ్యలేరు. చెబితే ఏమవుతుంది? బాధపడతాడు, షాపుకి ఫోన్ చేసి గట్టిగా అరిచినా అరుస్తాడు. చెప్పకపోతే రేపు వచ్చినప్పుడు షెడ్డులో ముసుగేసిన బండి చూస్తాడు, ఆ బ్రహ్మాండాలన్నీ గుర్తొస్తాయి. నాకైతే రెండోదే ఎక్కువ బాధ అనిపిస్తుంది.

చెప్పడానికి పెద్ద సన్నాహం అక్కర్లేదు. ‘ఒరేయ్ నాన్నా, బండి బాగా కోస్తోంది, కాకపోతే మధ్యలో ఆగుతోంది. మూత కారణం అనుకుంటున్నా. ఆ బిల్లూ, రిజిస్ట్రేషన్ కాగితం నాకు పంపు. షాపుతో నేనే మాట్లాడతాలే’ అనండి చాలు. ఆ చివరి వాక్యం మాత్రం వదలొద్దు, అరిచే పని అక్కడే ఆగుతుంది. అతను కొనిచ్చింది మీ మోకాలు చూసి. ఆ మోకాలు ఇప్పుడు ఎలా ఉందో కూడా అదే ఫోన్లో చెప్పండి, అతను అసలు వినాలనుకునేది అది.

శ్రీమతి గారు అమ్మేయమన్నదాన్ని కొట్టిపారెయ్యలేను. బండి ఆగిన ప్రతిసారీ ఆ మోకాలితో ఎండలో నడిచొచ్చేది మీరు, చూస్తూ కూర్చునేది ఆవిడ. కానీ ఇప్పుడు అమ్మితే లోపం చెప్పి అమ్మాలి, చెబితే ధర పడిపోతుంది, కొన్నవాళ్ళకి వారంటీ వెళ్ళకపోవచ్చు. బాగయ్యాక అమ్మితే ఆ రెండు చిక్కులూ సగం తగ్గుతాయి. ఆవిడతో ఒక గడువు అనుకోండి, ఈ సీజన్ చివరి వరకు అని. అప్పటికీ ఆగుతూనే ఉంటే అమ్మేద్దామని మీరే అనండి. ఈలోగా గడ్డిని రెండు భాగాలు చేసి, ఒక్కో పూట ఇరవై నిమిషాలే కొయ్యండి. మోకాలికీ అదే మంచిది.

మూత మార్చాక బండి ఆ 25 నిమిషాలు దాటితే నాకో ముక్క రాయండి. దాటకపోయినా రాయండి, మీ అర పేజీ జతచేసి. అప్పుడు కాయిల్ సంగతి చూద్దాం.